కొరియన్ కథలు, నవలలు చదవాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కు 2024 అక్టోబరులో నోబెల్ వచ్చాక కొరియన్ సాహిత్యం గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కొరియన్ సీరియళ్ళు చూసి ఇటు మళ్ళినవాళ్ళు కొందరు, షాపులో అట్ట మీద బొమ్మ బావుందని కొన్నవాళ్ళు ఇంకొందరు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నా ఇష్టాయిష్టాలు దాచుకోలేదు. కొన్ని కథల ముగింపులు కూడా బయటపడతాయి, ముందే చెబుతున్నా.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ఎవరినడిగినా హాన్ కాంగ్ నవల "ద వెజిటేరియన్" చేతికిస్తారు. నేనైతే ముందు ఒక చిన్న కథ చదవమంటాను. హ్యోన్ జిన్‌గొన్ 1924లో రాసినది, పేరు "అదృష్టం కలిసొచ్చిన రోజు". సియోల్‌లో రిక్షా లాగే కిమ్‌కి చాలా రోజులుగా బేరాల్లేవు. ఆ రోజు వాన. పొద్దున్నుంచి ఒకదాని వెంట ఒకటి బేరాలు తగులుతూనే ఉన్నాయి. ఇంట్లో భార్య జబ్బుతో మంచం పట్టింది. ఈ ఒక్కరోజూ వెళ్ళొద్దని బతిమాలింది. ఎద్దు ఎముకల పులుసు తాగాలనుందని అంతకుముందే అడిగి తిట్లు తింది. చేతిలో డబ్బు పడేకొద్దీ కిమ్‌కి భయం పెరుగుతుంది, ఇంటివైపు కాళ్ళు పడవు. సారా కొట్లో స్నేహితుడితో కూర్చుని తాగుతాడు, నవ్వుతాడు, ఏడుస్తాడు. చివరికి పులుసు కొనుక్కుని ఇల్లు చేరతాడు. లోపల దగ్గు వినపడదు. పసివాడు పాలు లేని రొమ్ము చీకుతున్న చప్పుడే వినపడుతుంది.

కథ పట్టుమని పది, పదిహేను పేజీలుంటుంది. అప్పటి జపాన్ పాలన మీద ఉపన్యాసాలుండవు. ఇంగ్లీషు సంకలనాల్లో దొరుకుతుంది. ఇది నచ్చితే హాన్ కాంగ్ "హ్యూమన్ యాక్ట్స్", పాక్ వాన్‌సొ "హూ ఏట్ అప్ ఆల్ ద షింగా?", చో సెహీ "ద డ్వార్ఫ్" చదవండి. ఆ తర్వాత ఎవరి సలహా అక్కర్లేదు.

కొరియన్ కథలన్నీ ఎందుకింత బరువుగా ఉంటాయి?

ఆ దేశం ఒక్క శతాబ్దంలో పడ్డ దెబ్బలు చూస్తే ప్రశ్న తిరగబడుతుంది, ఇంత తేలిగ్గా ఎలా రాయగలిగారు అని. 1910 నుంచి 1945 దాకా జపాన్ పాలన. 1940లో రెండు పెద్ద కొరియన్ పత్రికలు, దోంగా ఇల్బో, చోసున్ ఇల్బో, మూతపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే దేశం రెండు ముక్కలైంది. 1948లో జెజు ద్వీపంలో మొదలైన మారణకాండ, 1950లో ఉత్తర దక్షిణాల మధ్య యుద్ధం, 1961లో సైనిక తిరుగుబాటు, 1980లో గ్వాంగ్జు నగరంలో జనం మీద సైన్యం దాడి. వీటిలో సగం విషయాలు పేపర్లో రాయడానికి లేదు, క్లాసులో చెప్పడానికి లేదు. అవన్నీ వచ్చి నవలల్లో చేరాయి.

చేరినందుకు రచయితలు మూల్యం చెల్లించారు కూడా. హ్యోన్ కియోంగ్ 1978లో జెజు మీద ఒక పెద్ద కథ రాశాడు. ఊరివాళ్ళందర్నీ కాల్చేసిన పొలంలోంచి ప్రాణాలతో లేచొచ్చిన ఒకావిడ, ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే పొలంలో ప్రాణం తీసుకుంటుంది. ఆ విషయం బయట మాట్లాడడానికే జనం వణికే రోజులవి. రచయితను పట్టుకెళ్ళి హింసించారు, పుస్తకాన్ని నిషేధించారు. 1980లో సైనిక ప్రభుత్వం దేశంలో ముఖ్యమైన రెండు సాహిత్య త్రైమాసిక పత్రికల్ని ఏకంగా మూయించింది. ఉత్తరానికి వెళ్ళిపోయిన రచయితల పుస్తకాలైతే 1988 దాకా దక్షిణాదిలో ప్రచురించడానికే వీల్లేదు. అలా వెళ్ళినవాళ్ళలో పాక్ తేవొన్ ఒకడు. 1934లో ఒక నిరుద్యోగ రచయిత సియోల్ వీధుల్లో ఒక రోజంతా తిరగడాన్ని నవలికగా రాసినవాడు. సినిమా దర్శకుడు బోంగ్ జున్‌హో ఆయన కూతురి కొడుకే.

అలాగని నవ్వించేవాళ్ళు లేరనుకోకండి. కిమ్ యుజోంగ్ కథ "వసంతం, వసంతం" (1935) చదవండి. పిల్లనిస్తానని ఆశపెట్టి ఒక మామ ఇల్లరికపు కుర్రాడిచేత మూడేళ్ళ ఏడు నెలలు జీతం లేకుండా పొలం పని చేయిస్తాడు. పెళ్ళెప్పుడు అంటే "పిల్ల ఇంకా ఎదగాలి" అంటాడు. పిల్ల పొట్టిది, ఎదగదు. తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఆ మామ ఎక్కడో చూసినట్టే ఉంటాడు.

"ద వెజిటేరియన్" శాకాహారం గురించేనా? మాంసం మానేస్తే అంత గొడవేంటి?

మన దగ్గర నుంచి ఈ ప్రశ్న రావడం సహజం. ఇక్కడ ఒకే ఇంట్లో శనివారం ఒకరు, కార్తీకమాసమంతా ఇంకొకరు మాంసం మానేస్తారు, ఎవరూ పట్టించుకోరు. ఈ నవలలో ఎవరి గొడవా ధర్మం గురించి కాదు, ఆరోగ్యం గురించీ కాదు. యోంగ్‌హ్యే అనే మామూలు గృహిణి ఒక కల వచ్చిందని ఫ్రిజ్‌లో మాంసమంతా బయట పారేస్తుంది. పది మందితో కలిసి తినాల్సిన చోట ఒకరు "నాకొద్దు" అంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తారన్నదే అసలు కథ.

అక్క ఇంట్లో కుటుంబమంతా భోజనానికి కూర్చున్న ఘట్టం ఉంది. తండ్రి వియత్నాం యుద్ధంలో పోరాడి పతకం తెచ్చుకున్నవాడు, ఆ గొప్ప చెప్పుకోకుండా ఉండలేడు. కూతురు తిననంటే చెంప మీద కొడతాడు. కొడుకునీ అల్లుణ్ణీ చేతులు పట్టుకోమని మాంసం ముక్క బలవంతంగా నోట్లో కుక్కుతాడు. ఆమె ఉమ్మేసి కత్తి అందుకుంటుంది, తన చెయ్యి తనే కోసుకుంటుంది. ఒక ఇంట్లో భోజనాల బల్ల దగ్గర సైన్యం, మగతనం, విధేయత అన్నీ కనిపించేస్తాయి.

నవలలో మూడు భాగాలు. మొదటిది భర్త చెబుతాడు, రెండోది బావ వైపు నుంచి, మూడోది అక్క వైపు నుంచి సాగుతుంది. యోంగ్‌హ్యే సొంత గొంతు కలల ముక్కల్లో తప్ప వినపడదు. మూడూ వేర్వేరు పత్రికల్లో విడివిడిగా వచ్చి, 2007లో పుస్తకమయ్యాయి. 2016లో మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ వచ్చింది. రెండో భాగం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి కూడా.

హాన్ కాంగ్‌వి చదవాల్సినవి ఇంకేమున్నాయి?

"హ్యూమన్ యాక్ట్స్" (2014). ఆమె రాసినవాటిలో నా దృష్టిలో ఇదే మిన్న.

ఆమె 1970లో గ్వాంగ్జులో పుట్టింది. తండ్రి హాన్ సుంగ్‌వొన్ కూడా నవలాకారుడే. 1980 జనవరిలో కుటుంబం సియోల్‌కి మారింది. నాలుగు నెలలు తిరక్కుండానే, మే 18న, గ్వాంగ్జులో విద్యార్థుల మీదికి సైన్యాన్ని వదిలారు. జనం తిరగబడి కొద్ది రోజులు ఊరిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. మే 27 తెల్లవారుజామున ట్యాంకులతో వచ్చి అణిచేశారు. తర్వాత ఆ మృతుల ఫొటోలతో ఒక పుస్తకం రహస్యంగా చేతులు మారుతూ తిరిగింది. తండ్రి తెచ్చి, పిల్లల కంట పడకుండా వెనక్కి తిప్పి పెట్టిన ఆ పుస్తకాన్ని ఆమె చిన్నప్పుడే తీసి చూసేసింది.

నవల మొదట్లో దోంగ్‌హో అనే కుర్రాడు వ్యాయామశాలలో పరిచిన శవాలకు కాపలా ఉంటాడు. స్కూలు పిల్లాడు. ఎత్తు, బట్టలు, బూట్లు చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, వెతుక్కుంటూ వచ్చిన తల్లిదండ్రులకు గుడ్డ తీసి చూపిస్తాడు. వాసన తెలియకుండా కొవ్వొత్తులు వెలిగిస్తాడు. శవపేటికల మీద జాతీయ జెండా కప్పి జాతీయ గీతం పాడుతుంటే వాడికి అర్థం కాదు: వీళ్ళని చంపింది దేశం సైన్యమే కదా, మళ్ళీ దేశం జెండా ఎందుకు? ఈ అధ్యాయాన్ని రచయిత్రి "నువ్వు" అంటూ ఆ పిల్లాడితోనే మాట్లాడుతున్నట్టు రాసింది.

ఇంకో అధ్యాయంలో ఒక ప్రచురణ సంస్థలో పనిచేసే ఎడిటర్‌ని పోలీసు ఏడుసార్లు చెంప మీద కొడతాడు. రోజుకో దెబ్బ చొప్పున ఏడు రోజుల్లో మరిచిపోవాలని ఆమె నిర్ణయించుకుంటుంది. ఆమె పనిచేసిన నాటకం రాతప్రతి సెన్సార్ ఆఫీసు నుంచి సిరా రోలర్‌తో నల్లగా పులిమి తిరిగొస్తుంది. నాటకం ఆడతారు. చెరిపేసిన చోట నటులు పెదవులు మాత్రం కదుపుతారు.

2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు మార్షల్ లా ప్రకటించాడు. పార్లమెంటు కొన్ని గంటల్లోనే దాన్ని తిప్పికొట్టింది. సరిగ్గా వారానికి స్టాక్‌హోమ్‌లో హాన్ కాంగ్ నోబెల్ అందుకుంది. తన నోబెల్ ప్రసంగంలో ఆమె చెప్పిన మాట ఒకటుంది. వర్తమానం గతానికి సాయం చేయగలదా అని మొదలుపెట్టి ఈ నవల రాస్తూ పోతే, గతం వర్తమానానికి సాయం చేయగలదా అని ప్రశ్న తలకిందులైందట.

"వి డు నాట్ పార్ట్" (2021) జెజు మారణకాండ మీద. మంచు తుఫానులో స్నేహితురాలి చిలకకు నీళ్ళు పెట్టడానికి ఒకావిడ ద్వీపానికి వెళ్తుంది. నిదానంగా చదవాలి.

తొలి ఆధునిక కొరియన్ నవల ఏది?

యి క్వాంగ్సు "ముజోంగ్", 1917. విచిత్రమేమిటంటే అది సీరియల్‌గా వచ్చింది జపాన్ వలస ప్రభుత్వం నడిపే కొరియన్ పేపర్లో. ఒక ఇంగ్లీషు మాస్టారు, చదువుకున్న ధనికుల అమ్మాయి, తండ్రిని జైలు నుంచి తప్పించడానికి గిసెంగ్‌గా (ఆటపాటలతో అలరించే వృత్తి) మారిన పాత గురువు కూతురు. పాత కొరియాకీ కొత్త కొరియాకీ మధ్య ఎటు పోవాలో తెలియని ముక్కోణం. ఇదే రచయిత మొదట్లో స్వాతంత్ర్య ఉద్యమంలో ఉన్నాడు, తర్వాత జపాన్ పేరు పెట్టుకుని, కొరియా కుర్రాళ్ళని జపాన్ సైన్యంలో చేరమని ప్రచారం చేశాడు. అందుకే కొరియన్లకు ఆయన సంగతి ఇప్పటికీ గొంతులో ముల్లే. నవలను చరిత్ర నుంచి తీసేయలేరు, మనిషిని క్షమించలేరు.

కొరియన్ సాహిత్యంలో ఇండియా ప్రస్తావన ఎక్కడైనా ఉందా?

ఉంది, అదీ చాలా ముఖ్యమైన చోట. ఛోయ్ ఇన్‌హున్ నవల "ద స్క్వేర్" (1960) మొదలయ్యేదే "టాగోర్" అనే పేరున్న భారతీయ ఓడ మీద. తెల్ల రంగు వేసిన మూడు వేల టన్నుల ఓడ. అందులో యుద్ధఖైదీగా పట్టుబడి విడుదలైన యి మ్యోంగ్‌జున్ తటస్థ దేశానికి వెళ్తుంటాడు.

నేపథ్యం కల్పన కాదు. 1953లో యుద్ధం ఆగాక, సొంత వైపుకి తిరిగి వెళ్ళడం ఇష్టం లేని ఖైదీల బాధ్యత చూసిన తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. కాపలా కాసింది భారత సైనికులు. ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు అన్న కొద్దిమంది ఖైదీలు 1954లో నిజంగానే ఇండియాకి వచ్చారు. తర్వాత చాలామంది బ్రెజిల్, అర్జెంటీనాలకు వెళ్ళి స్థిరపడ్డారు.

నవలలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం విచారణ గది. ఉత్తరం వైపు అధికారులు బుజ్జగిస్తారు, ఉద్యోగం ఇస్తామంటారు. "తటస్థ దేశం" అంటాడు. దక్షిణం వైపు అధికారి స్వేచ్ఛ గురించి చెబుతాడు. "తటస్థ దేశం." ఎవరెన్ని అడిగినా అదే జవాబు. అతను రెండు దేశాల్లోనూ బతికి చూశాడు. ఒకచోట గదులే తప్ప నలుగురు చేరే మైదానం లేదు, ఇంకోచోట మైదానమే తప్ప మనిషి తలదాచుకునే గది లేదు. చివరికి ఓడ మీంచి మాయమైపోతాడు. 1960 ఏప్రిల్‌లో విద్యార్థుల తిరుగుబాటు దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ప్రభుత్వాన్ని కూల్చింది. మర్నాడే సైన్యం వచ్చింది అనదగినంత తొందరగా 1961 మేలో తిరుగుబాటు జరిగింది. ఈ నవల సరిగ్గా ఆ సందులో అచ్చయింది.

"ద డ్వార్ఫ్" గురించి ఎప్పుడూ చెబుతుంటారు. అంత గొప్పా?

గొప్పే. 1970ల్లో సియోల్ గుడిసెల్ని కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న రోజులు. చో సెహీ ఒక మరుగుజ్జు కుటుంబం గురించి విడివిడి కథలు రాసి వేర్వేరు పత్రికలకు పంపాడు. విడిగా చూస్తే ఒక్కొక్కటి చిన్న కథ. అన్నీ కలిపి 1978లో పుస్తకం చేస్తే ఒక నగరం మీద నేరారోపణ పత్రం తయారైంది. ఆ కుటుంబం ఉండే పేట పేరు "ఆనందపేట", అది "స్వర్గం" వార్డులో ఉంది. తండ్రి ఎత్తు 117 సెంటీమీటర్లు, బరువు 32 కిలోలు అని కథలో ఆఫీసు రికార్డులో రాసినట్టు రాస్తాడు.

కూల్చేవాళ్ళు వచ్చే సమయానికి ఇంట్లో భోజనం చేస్తుంటారు. తొందరపడరు. గోడ పగిలి దుమ్ము లేస్తుంది, వీళ్ళు తింటూనే ఉంటారు, సుత్తులు పట్టుకున్నవాళ్ళు ముగిసేదాకా నిలబడతారు. తల్లి గిన్నెలు సర్దుతుంది. ఆ నిశ్శబ్దానికి ఒళ్ళు జలదరిస్తుంది. పుస్తకం మూడు వందలకు పైగా ముద్రణలు పొందింది. ఇది చదవడం ఇంకా అవసరమవుతూనే ఉన్నందుకు రచయిత బాధపడేవాడు. 2022లో పోయాడు.

వాక్యాలు చిన్నచిన్నవి, కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది. మొదటి ముప్ఫై పేజీలు ఓపిక పట్టండి.

రచయిత్రులే ఎక్కువ కనిపిస్తున్నారు, ఎందుకని?

ఈ ఇరవై ఏళ్ళలో బయటి దేశాలకు చేరిన పేర్లలో ఆడవాళ్ళవే ఎక్కువ, నిజమే. కానీ దీనికి పునాది ముందు తరానిది. పాక్ క్యోంగ్ని 1969లో మొదలుపెట్టిన "తోజి" (నేల) పూర్తయ్యేసరికి 1994 వచ్చింది. కొరియా దక్షిణ భాగంలోని ఒక పల్లెలో 1897 పంటల పండగ రోజున మొదలై, జపాన్ ఓడిపోయిన 1945 ఆగస్టు 15తో ఆగుతుంది. పాక్ వాన్‌సొ ఐదుగురు పిల్లల్ని పెంచాక, నలభై ఏళ్ళకి, 1970లో ఒక మహిళా పత్రిక నవలల పోటీకి రాసి గెలిచింది. యుద్ధంలో అన్నను పోగొట్టుకుంది. పొట్టకూటికి అమెరికా సైనికుల క్యాంటీన్ షాపులో పనిచేసింది. ఆవిడ యుద్ధం గురించి రాస్తే తుపాకుల కంటే బియ్యం డబ్బా, పొరుగింటివాళ్ళ అనుమానపు చూపులు ఎక్కువ కనిపిస్తాయి. ఆవిడకు దక్కాల్సినంత పేరు బయట దక్కలేదని నా ఫిర్యాదు.

ఆ తర్వాత షిన్ క్యోంగ్సుక్ "ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మామ్" (2008), సియోల్ స్టేషన్లో తప్పిపోయిన తల్లి కథ. చో నామ్జు "కిమ్ జియంగ్, బోర్న్ 1982" (2016), పది లక్షల కాపీలు దాటింది. సాహిత్యంగా అది పలచనిదే, సగం నివేదికలా సాగుతుంది. అయినా దేశమంతా ఇళ్ళల్లో గొడవలు పెట్టించిన పుస్తకం కొరియాలో ఈమధ్య మరొకటి లేదు.

కొరియాలో రచయిత అవడం ఎలా?

పాత రాజమార్గం కొత్త సంవత్సరపు పోటీ. పేపర్లు ఏడాది చివర కథలు పిలుస్తాయి, జనవరి 1 సంచికలో విజేత కథ ఫొటోతో సహా అచ్చు వేస్తాయి. వందేళ్ళ నుంచి ఉన్న పద్ధతి. కథ నిడివిని ఇప్పటికీ రెండు వందల గళ్ళ కాగితం లెక్కలోనే చెబుతారు, మామూలుగా 80 కాగితాలు. హాన్ కాంగ్ కూడా 1994లో సియోల్ షిన్‌మున్ పోటీలో గెలిచే కథకురాలైంది. ఈ గుమ్మం దాటనివాళ్ళని రచయితలుగా లెక్కలోకి తీసుకోని పద్ధతి మీద అక్కడ చాలా విమర్శ ఉంది. ఇప్పుడు వెబ్ నవలలు రాసేవాళ్ళు ఆ గుమ్మం వైపే చూడటం లేదు.

ఇంగ్లీషు అనువాదాలు నమ్మొచ్చా?

తెలుగు పాఠకుల్లో ఎక్కువమంది చదివేది అవే కాబట్టి తప్పదు. "ద వెజిటేరియన్" అనువాదం మీద పెద్ద రభసే జరిగింది. అనువాదకురాలు డెబొరా స్మిత్ అంతకు కొన్నేళ్ళ ముందు మాత్రమే కొరియన్ నేర్చుకుంది. తప్పులున్నాయనీ, పొదుపైన వచనానికి రంగులద్దిందనీ కొరియన్ విమర్శకులు పేజీలకు పేజీలు చూపించారు. వాళ్ళ మాటలో నిజముంది. ఆ అనువాదమే లేకపోతే ప్రపంచం ఆ నవల చదివేది కాదన్నదీ నిజమే. బ్రూస్ ఫుల్టన్, జుఛాన్ ఫుల్టన్ దంపతులు, చి-యంగ్ కిమ్, ఆంటన్ హర్ పేరు అట్ట మీద ఉంటే నేను నిశ్చింతగా కొంటాను. ఈ అనువాదాల్లో చాలావాటి వెనుక కొరియా ప్రభుత్వ అనువాద సంస్థ డబ్బు ఉంది. 1996 నుంచీ పట్టువదలకుండా పెడుతున్నారు.

నాకు సీరియళ్ళు ఇష్టం. బరువైనవి వద్దు. ఏం చదవను?

థ్రిల్లర్ కావాలంటే కిమ్ యోంగ్హా "డైరీ ఆఫ్ ఎ మర్డరర్". రిటైరైన హంతకుడికి మతిమరుపు జబ్బు, కూతురి ప్రేమికుడి మీద అనుమానం. దయ్యాలు, విచిత్రాలు కావాలంటే చోంగ్ బోరా "కర్స్‌డ్ బన్నీ". మొదటి కథలోనే టాయిలెట్‌లోంచి ఒక తల పైకొచ్చి "అమ్మా" అంటుంది. అన్నం తింటూ చదవకండి. స్కూలు కథ కావాలంటే యి మున్‌యోల్ "అవర్ ట్విస్టెడ్ హీరో", క్లాస్ లీడర్ ఒక నియంతలా ఎలా ఏలాడో ఒక్క కూర్చోడంలో చదివేయొచ్చు. పుస్తకాల షాపు, కిరాణా షాపు చుట్టూ తిరిగే సేదదీర్చే నవలలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. రైల్లో కాలక్షేపానికి బావుంటాయి, కానీ అవే కొరియన్ సాహిత్యం అనుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఉత్తర కొరియాలో నవలలు రాస్తారా?

రాస్తారు, ప్రభుత్వం జీతమిచ్చి రాయిస్తుంది. పెక్ నామ్న్యోంగ్ "ఫ్రెండ్" (1988) ఇంగ్లీషులో 2020లో వచ్చింది. విడాకులు కోరే ఒక గాయని, ఆమె భర్త, వాళ్ళ కేసు చూసే జడ్జి. అంత మామూలు సంసారపు గొడవ అక్కడి నుంచి రావడమే ఆశ్చర్యం. ఇంకోవైపు "బాందీ" అనే మారుపేరుతో రహస్యంగా దేశం దాటించిన కథలు "ద అక్యూజేషన్" పేరుతో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

"పచింకో" కొరియన్ నవలేనా?

కాదు. కొరియన్ కుటుంబం కథే, కానీ అమెరికాలో పెరిగిన మిన్ జిన్ లీ ఇంగ్లీషులో రాసింది. మంచి నవల, ఈ జాబితాలోది కాదు.

పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఎవరెవరో గుర్తుండటం లేదు.

కొరియన్లు ఇంటిపేరు ముందు రాస్తారు, మన పాతకాలం వాళ్ళలాగే. కిమ్, యి, పాక్, ఈ మూడు ఇంటిపేర్లే ఎక్కడ చూసినా కనిపిస్తాయి కాబట్టి ఇంటిపేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు, వెనకాల ఉన్న రెండక్షరాల పేరు పట్టుకోండి. ఇంగ్లీషు పుస్తకాల మీద యి కాస్తా లీ అవుతుంది, పాక్ కాస్తా పార్క్ అవుతుంది, కంగారు పడొద్దు. చాలా కథల్లో మనిషిని పేరుతో పిలవనే పిలవరు, "ఫలానావాడి తల్లి", "పెద్దక్క", "కొత్త కోడలు" అంటారు. పెద్ద నవలలకైతే మొదటి అట్ట లోపలి పేజీలో పెన్సిల్‌తో చుట్టరికాలు రాసుకోండి. "తోజి"కి మాత్రం ఆ పేజీ చాలదు.